ఎనిమిది నిమిషాల చక్కర్లు, మూడు నిమిషాల చాకచక్యం

మరుసటి రోజు పేపర్లో వచ్చిన వార్త మొత్తం తొమ్మిది వాక్యాలు. ఊరి పేరు, మా పేర్లు తీసేసి మిగతాది వచ్చింది వచ్చినట్టు ఇక్కడ పెడుతున్నాను. శీర్షిక: 'కుప్పకూలిన శిక్షణ విమానం'.

"సాంకేతిక లోపం తలెత్తడంతో ఓ సెస్నా శిక్షణ విమానం నిన్న ఉదయం పొలాల్లో కుప్పకూలింది. అందులో ఉన్న మహిళా పైలట్, ట్రైనీ స్వల్ప గాయాలతో బయటపడ్డారు. విమానాశ్రయానికి కేవలం తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఈ ఘటన జరిగింది. కూలడానికి ముందు విమానం ఎనిమిది నిమిషాల పాటు గాల్లో చక్కర్లు కొట్టింది. ఇంజిన్ శబ్దం తగ్గుతూ, పెరుగుతూ, మళ్లీ తగ్గుతూ వినిపించిందని పొలంలో ఉన్న ఒక రైతు చెప్పారు. ఇంజిన్ స్టాల్ కావడంతో విమానం నిమిషానికి 700 అడుగుల వేగంతో నేలవైపు దూసుకొచ్చినట్టు ట్రాకింగ్ సమాచారం చెబుతోంది. ఈ విమానానికి ఫ్లైట్ ప్లాన్ దాఖలు చేయలేదని తెలిసింది. విమానంలో బ్లాక్ బాక్స్ కూడా లేదు. పైలట్ చాకచక్యంగా వ్యవహరించి జనావాసాలను తప్పించడంతో పెను ప్రమాదం తప్పింది."

ఆ మహిళా పైలట్‌ని నేనే. లైసెన్సు మీద 'మహిళా' అన్న మాట ఉండదు, పేపర్లో మాత్రం అదే ముందు వస్తుంది. అది వేరే గొడవ, వదిలేద్దాం.

పదహారేళ్లుగా చిన్న విమానాల మీద శిక్షణ ఇస్తున్నాను. మా ఇన్‌స్ట్రక్టర్ల గదిలో ఒక పాత అలవాటు ఉంది. ఎక్కడైనా చిన్న విమానం పడిందని వార్త వస్తే కత్తిరించి బోర్డుకు గుచ్చుతాం, ఎర్ర పెన్నుతో తప్పులు దిద్దుతాం. నవ్వుకుంటాం. ఈసారి వార్త నా గురించే అయినా అలవాటు మానలేదు. నా చేతికి కట్టు ఉండగానే బోర్డు ముందు నిలబడ్డాను. నాలుగో వాక్యం కింద 'సంబంధం లేదు' అని నేనే రాశాను. అయిదో వాక్యం పక్కన ఎవరో నవ్వు బొమ్మ గీశారు. చివరి వాక్యాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

పది నెలల తర్వాత దర్యాప్తు నివేదిక వచ్చింది. వార్తలో చాలా తప్పులున్న మాట నిజమే. కానీ మేం వెక్కిరించిన రెండు వాక్యాలూ సరైనవి. నాకు నచ్చిన చివరి వాక్యమే అన్నిటికన్నా తప్పు.

ఆ ఉదయం

విమానం సెస్నా 152. రెండే సీట్లు, రెక్కలు పైన, ముందు 110 హార్స్‌పవర్ ఇంజిన్. దీని తయారీ 1985లోనే ఆగిపోయింది, అయినా శిక్షణకు ఇప్పటికీ పనికొస్తోంది. ఇంజిన్‌కి ఇంధనాన్ని గాలితో కలిపి అందించేది కార్బ్యురేటర్.

ఉష్ణోగ్రత 18 డిగ్రీలు, డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత, 15. మబ్బు లేదు, గాలి కూడా పెద్దగా లేదు. చూసినవాళ్లెవరైనా ఎగరడానికి ఎంత మంచి రోజు అంటారు. ఆ రెండు అంకెల మధ్య తేడా మూడే కావడం, అంటే గాలిలో తేమ బాగా ఉండటం, కార్బ్యురేటర్‌కి ఎంత చెడ్డదో మా విద్యార్థులందరికీ మొదటి నెలలోనే చెబుతాను. ఆ రోజు విమానం ఎక్కేముందు ఆ అంకెల్ని పలకమని నా విద్యార్థిని అడిగాను. పలికాడు. అంతటితో ఇద్దరం వాటిని మర్చిపోయాం.

పాఠం అయిపోయి తిరిగొస్తుంటే విమానాశ్రయం కంట్రోల్ టవర్ ఆపింది. రన్‌వే మీద టైరు పేలిన విమానం ఒకటి ఉంది, దాన్ని పక్కకు లాగేదాకా ఉన్నచోటే ఆర్బిట్ చేయమన్నారు. నేలకు 1,800 అడుగుల ఎత్తున గుండ్రంగా తిరగడం మొదలుపెట్టాం. తొందరేమీ లేదు కాబట్టి అతను పవర్ తగ్గించాడు. ఆర్‌పీఎం, అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు, 2,000 దగ్గర పెట్టాడు. సమయం వృథా ఎందుకని సర్క్యూట్‌లోకి, అంటే దిగడానికి రన్‌వే చుట్టూ తిరిగే దారిలోకి, ఎలా చేరాలో ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాను. అతను చక్కగా జవాబులు చెబుతున్నాడు. ఎత్తు యాభై అడుగులు కూడా అటూఇటూ కావడం లేదు. "హైట్ బాగా పట్టుకున్నావ్" అని మెచ్చుకున్నాను కూడా.

ఎత్తు ఎలా నిలబడిందంటే, ఆర్‌పీఎం కొంచెం పడినప్పుడల్లా అతని చెయ్యి పవర్ పెంచే థ్రాటిల్‌ని కాస్త ముందుకు నెడుతోంది. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు. ఆ చెయ్యి నా కళ్ల ముందే కదిలింది. అది ఎందుకు కదులుతోందన్న ప్రశ్న నాకు తట్టలేదు.

ఎనిమిదో నిమిషంలో ఇంజిన్ వణికింది. "మేడమ్, ఆర్‌పీఎం..." అని అతను అనేలోపే "ఐ హావ్ కంట్రోల్" అని తీసుకున్నాను. కార్బ్యురేటర్‌లోకి వేడి గాలి పంపే కార్బ్ హీట్ నాబ్ లాగాను. వణుకు తగ్గలేదు సరికదా, రెట్టింపైంది. ఆ తర్వాత కొన్ని సెకన్లలో ఏం చేశానన్నది దర్యాప్తు అధికారికి ఒక రకంగా చెప్పాను. దాని సంగతి తర్వాత వస్తుంది.

ఇంజిన్ దాదాపు చచ్చిపోయింది. ముక్కు దించి 60 నాట్ల (గంటకు సుమారు 110 కిలోమీటర్ల) వేగం పట్టుకున్నాను. ఇంజిన్ లేకపోతే ఈ విమానం ఒక అడుగు దిగేలోపు ఇంచుమించు తొమ్మిది అడుగులు ముందుకు పోతుంది. 1,800 అడుగుల నుంచి లెక్క వేస్తే గాలి లేని రోజున అయిదు కిలోమీటర్లు. విమానాశ్రయం తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉంది. వార్తలో 'కేవలం' అన్నారు కానీ, మా లెక్కలో అది వేరే దేశంతో సమానం. కోత అయిపోయిన పొలం ఒకటి ఎంచుకున్నాను. రేడియోలో మేడే, అంటే ఆపదలో ఉన్నామన్న పిలుపు, చెప్పాను. నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనక దించే ఫ్లాప్స్ కరెంటుతో పనిచేస్తాయి కాబట్టి ముందు వాటిని దించి ఆ తర్వాతే మాస్టర్ స్విచ్ కట్టేయాలి. ఇంధనం ఆపడం, తలుపులు తెరిచి ఉంచడం అతనికి అప్పగించాను. చేతులు వణుకుతున్నా ఒక్కటీ మరచిపోకుండా చేశాడు. ఆ రోజు నిజంగా మెచ్చుకోవాల్సిన పని ఏదైనా ఉంటే అది అదే.

చక్రాలు మెత్తగానే తాకాయి. అరవై డెబ్బై మీటర్లు దొర్లాక ముక్కు చక్రం చిన్న నీటి కాలువలో పడి విరిగింది. తోక లేచింది, విమానం బద్ధకంగా వెల్లకిలా పడింది. బెల్టులకు వేలాడుతున్నాం. రెక్కల్లోని ట్యాంకుల నుంచి ఇంధనం కారుతున్న వాసన. తలకిందులుగా ఉన్నప్పుడు బెల్టు విప్పేముందు ఒక చెయ్యి పైకప్పుకు, అంటే అప్పుడు కిందున్న దానికి, ఆనించాలి. లేకపోతే విమానంలో విరగని మెడ బయటికి వచ్చేటప్పుడు విరుగుతుంది. అతనికి భుజం మీద బెల్టు ఒరిపిడి, నాకు అరచేతిలో అయిదు కుట్లు.

ఎర్ర పెన్ను

మా దిద్దుబాట్లలో న్యాయమైనవి ముందు చెబుతాను.

'స్టాల్'. తెలుగులో ఈ మాటతో వచ్చే చిక్కు చెప్పనలవి కాదు. కారు ఇంజిన్ ఆగిపోతే స్టాల్ అయిందంటాం. పైలట్లకు స్టాల్ అంటే ఇంజిన్‌తో సంబంధమే లేదు. రెక్క గాలికి ఎదురయ్యే కోణం ఒక హద్దు దాటితే, చాలా చిన్న విమానాల్లో అది 15 డిగ్రీలకు అటూఇటూ, రెక్క పైన గాలి అంటుకుని పారడం మానేస్తుంది. ఎత్తి పట్టుకునే శక్తి ఒక్కసారిగా పోతుంది. ఇంజిన్ పూర్తి పవర్‌తో మోగుతున్నా స్టాల్ అవుతుంది. ఇంజిన్ చచ్చిపోయినా స్టాల్ కాకుండా హాయిగా దిగొచ్చు. ఆ మూడు నిమిషాలూ నేను చేసిన పనంతా స్టాల్ కాకుండా చూసుకోవడమే. వార్త అందుకు నేరుగా వ్యతిరేకం చెప్పింది. అయితే ఆ మాట విలేకరి కల్పించలేదు. ఆస్పత్రిలో నా విద్యార్థి వాళ్ల అన్నయ్యతో "స్టాల్ కాకుండా మేడమ్ ముక్కు కిందకి దించారు" అన్నాడు. ఆ అన్నయ్య బయట ఎవరికో చెప్పాడు. ఆ ఒక్క వాక్యం నుంచి రెండు వార్తలు పుట్టాయి. పేపర్లో 'ఇంజిన్ స్టాల్' అయింది, ఓ టీవీ స్క్రోలింగ్‌లో 'ముక్కుతో నేలను గుద్దిన విమానం' అయింది.

'నిమిషానికి 700 అడుగుల వేగంతో దూసుకొచ్చింది'. దీన్ని గంటకు కిలోమీటర్లలోకి మార్చి చూడండి. పదమూడు కూడా రాదు. నింపాదిగా సైకిలు తొక్కేవాడి వేగం. 60 నాట్ల దగ్గర తొమ్మిదికి ఒకటి చొప్పున దిగే విమానం నిమిషానికి 675 అడుగులే దిగుతుంది, అంటే విమానాల దారిని ఇంటర్నెట్‌లో చూపే ట్రాకింగ్ సైట్ చూపించింది పుస్తకంలో ఉన్నట్టు జరిగిన గ్లైడ్, ఇంజిన్ లేకుండా జారుతూ దిగడం. అంకె నిజం, 'దూసుకొచ్చింది' అన్న క్రియ మాత్రం కల్పన. ట్రాకింగ్ సైట్ల గురించి విలేకరులకు ఇంకో మాట కూడా చెప్పాలి. అందులో కనిపించే వేగం నేల మీద లెక్కేసినది, రెక్క మీద పారే గాలిది కాదు. చివరి చుక్క విమానం పడిన చోటు కాదు, సిగ్నల్ అందడం ఆగిపోయిన చోటు.

'ఫ్లైట్ ప్లాన్ దాఖలు చేయలేదని తెలిసింది'. ఈ 'తెలిసింది'లో ఏదో దాచినట్టు ధ్వని ఉంటుంది. కంటిచూపుతో, దగ్గర్లోనే ఎగిరి తిరిగొచ్చే విమానాలకు చాలాచోట్ల ఫ్లైట్ ప్లాన్ అవసరం లేదు. అది అనుమతి పత్రం కాదు, వెళ్లిన విమానం తిరిగి రాకపోతే ఎక్కడ వెతకాలో చెప్పే కాగితం. 1999 జులై 16 రాత్రి అమెరికా మాజీ అధ్యక్షుడు కెనడీ కొడుకు జాన్ ఎఫ్ కెనడీ జూనియర్ నడుపుతున్న చిన్న విమానం పైపర్ సారటోగా సముద్రంలో పడినప్పుడు కూడా ఫ్లైట్ ప్లాన్ లేదన్న మాట పదేపదే వినిపించింది. ఆ ప్రయాణానికి అది తప్పనిసరి కాదు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ మరుసటి ఏడాది తేల్చిన కారణం వేరు: రాత్రిపూట నీటి మీద, పొగమంచులో ఆకాశమెటో నేలెటో తెలియని భ్రమలో పడి పైలట్ విమానం మీద అదుపు కోల్పోయాడు. ఫ్లైట్ ప్లాన్ ఉన్నా ఆ భ్రమ ఆగేది కాదు.

బ్లాక్ బాక్స్ సంగతి ఒక్క ముక్కలో: ఇంత చిన్న విమానానికి అది ఉండాలన్న నియమమే లేదు. సైకిల్‌కి స్టెప్నీ లేదని రాసినట్టు.

వాక్యాలతో పాటు ఫొటో వ్యాఖ్య కూడా ఉంది: 'రెక్క వంగిపోయిన విమానం'. ఫొటోలో వంగింది ప్రొపెల్లర్ రెక్క. ఫ్యానుకూ రెక్కే, పిట్టకూ రెక్కే, విమానానికీ రెక్కే అయిన భాషలో విలేకరిని తప్పుపట్టలేను. మా అక్క మాత్రం అది చదివి విమానం రెక్క గాల్లోనే ఊడిపోయిందనుకుని ఫోన్లో ఏడ్చింది. అదే ఫొటోలో దర్యాప్తు అధికారి చూసింది ఇంకొకటి. రెండు ప్రొపెల్లర్ రెక్కల్లో ఒకటి తిన్నగా ఉంది, ఒకటి వెనక్కి వంగింది. అంటే నేలను తాకేసరికి ఇంజిన్‌లో పవర్ లేదు. ఉంటే రెండూ మెలి తిరిగేవి.

ఇక 'కుప్పకూలింది'. నా సహోద్యోగులకు అన్నిటికన్నా కోపం తెప్పించిన మాట ఇదే. నాకు అంత కోపం రాలేదు. వెల్లకిలా పడి, ముక్కు చక్రం విరిగి, తోక నలిగిన విమానాన్ని చూసిన మనిషికి అది కూలినట్టే ఉంటుంది. మేం దాన్ని ఇంకోలా చూస్తాం. 80 కిలోమీటర్ల వేగంతో వస్తున్న విమానాన్ని మనిషి శరీరం తట్టుకునే విధంగా, 9 జీ (భూమ్యాకర్షణకు తొమ్మిది రెట్ల బలం) దగ్గర ఒకే రీతిలో ఆపడానికి మూడు మీటర్ల లోపు దూరం చాలని మా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. వేగం రెట్టింపైతే దూరం నాలుగు రెట్లు కావాలి. అందుకే వీలైనంత నెమ్మదిగా, అదుపులో ఉండగానే నేలను తాకమంటాం. చక్రాలు, రెక్కలు, తోక పోనివ్వు, మనుషులున్న గదిని కాపాడుకో అంటాం. విరిగిన విమానం ఫొటోలో పైలట్ ముందు వెతికేది కేబిన్ ఆకారం మిగిలిందా లేదా అన్నది. మిగిలితే ఆ విమానం తన పని తాను చేసినట్టు. అమెరికాలో ఏటా వెయ్యికి పైగా జరిగే చిన్న విమానాల ప్రమాదాల్లో ప్రాణాలు పోయేవి సుమారు ఐదో వంతే. మిగతావాటిలో మనుషులు నడిచో, కుంటుకుంటూనో బయటికి వస్తారు.

తమాషా ఏమిటంటే 'పెను ప్రమాదం తప్పింది' అన్నది కూడా సాంకేతికంగా తప్పే. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 13వ అనుబంధం ప్రకారం ఎగిరే ఉద్దేశంతో ఎక్కిన దగ్గర్నుంచి దిగేవరకు ఎవరికైనా తీవ్ర గాయమైనా, విమానం నిర్మాణం బాగా దెబ్బతిన్నా అది ప్రమాదమే. మాది అచ్చంగా ప్రమాదమే. తప్పలేదు, జరిగింది. ఆపదకూ యాక్సిడెంట్‌కూ మనకు ఒకటే మాట ఉండటం వల్ల వచ్చిన తకరారు ఇది.

నాబ్

ఇప్పుడు మా తప్పుల దగ్గరికి వద్దాం.

కార్బ్యురేటర్‌లో ఇంధనం ఆవిరయ్యేటప్పుడు, గాలి సన్నటి గొంతులోంచి వేగంగా పోయేటప్పుడు లోపల ఉష్ణోగ్రత ముప్పై డిగ్రీలకు పైగా కూడా పడిపోగలదు. బయట వేసవిలా ఉన్నా లోపల తేమ గడ్డకట్టి గాలి దారిని మూసేస్తుంది. పవర్ తగ్గించి ఉన్నప్పుడు ఇది మరీ ఎక్కువ. మందు చాలా సులభం: కార్బ్ హీట్ నాబ్ లాగితే ఎగ్జాస్ట్ చుట్టూ వేడెక్కిన గాలి లోపలికి వచ్చి మంచును కరిగిస్తుంది. కానీ కరిగిన నీళ్లు ఇంజిన్‌లోకే పోతాయి. అందుకే ముందు కొన్ని సెకన్లు ఇంజిన్ ఇంకా అధ్వాన్నంగా మోగుతుంది. ఆ సెకన్లలో నాబ్‌ని వెనక్కి తోయాలనిపిస్తుంది. తోయకూడదు. ఈ పాఠం నేను కొన్ని వందల సార్లు చెప్పి ఉంటాను.

ఈ మంచుతో దర్యాప్తు అధికారులకు ఉన్న పెద్ద తలనొప్పి, వాళ్లు వచ్చేసరికి సాక్ష్యం కరిగిపోయి ఉంటుంది. ఇంజిన్ విప్పితే అంతా బాగుంటుంది. మా ఇంజిన్ కూడా విప్పారు, ఏ లోపమూ లేదు. మరి ఎలా తేల్చాలి? వాతావరణం అంకెలు ఒకటి. రెండోది, మేం నవ్వు బొమ్మ గీసిన రైతు మాట.

పేపర్లో ఆ వాక్యం చూసే అధికారి అతని దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు అక్కడక్కడే తిరిగిందని, శబ్దం మెల్లగా సన్నబడటం, మళ్లీ కాస్త పెరగడం, మళ్లీ సన్నబడటం నాలుగైదుసార్లు విన్నానని అతను చెప్పాడట. మంచు పేరుకుంటూ ఆర్‌పీఎం పడటం, నా విద్యార్థి చెయ్యి థ్రాటిల్‌ని నెట్టడం, మళ్లీ పడటం. కింద పొలంలో ఉన్న మనిషి చెవితో విన్నదాన్ని పక్క సీట్లో కూర్చుని నేను చూడలేదు. 'సంబంధం లేదు' అని నేను కొట్టేసిన ఎనిమిది నిమిషాల చక్కర్లు ప్రమాదానికి ముందు జరిగిన ముచ్చట కాదు. ప్రమాదం జరిగిందే అక్కడ. తర్వాతి మూడు నిమిషాలు దాని చివర మాత్రమే.

ఇక నాబ్. లాగాను, చివరిదాకా అలాగే ఉంచాను అని నేను వాంగ్మూలం ఇచ్చాను. అబద్ధం ఆడలేదు. నాకు అలాగే గుర్తుంది. అధికారి తన ల్యాప్‌టాప్‌లో ఒక ఫొటో తెరిచాడు. మేం బయటికి వచ్చిన ఇరవై నిమిషాలకు, ఇంకా ఎవరూ విమానాన్ని కదపకముందు, ఆ పేపర్ ఫొటోగ్రాఫర్ పగిలిన కిటికీలోంచి తీసింది. పేపర్లో రాని ఫొటో. ప్యానెల్ తలకిందులుగా ఉంది. కార్బ్ హీట్ నాబ్ పూర్తిగా లోపలికి తోసి ఉంది.

దెబ్బకి కదిలి ఉండొచ్చేమో అన్నాను. అధికారి ఏమీ అనలేదు. పక్క గదిలో నా విద్యార్థితో అంతకుముందే మాట్లాడాడని నాకు తర్వాత తెలిసింది. ఆ కుర్రాడు బయట మెట్ల దగ్గర నాతో చాలా ఇబ్బందిగా అన్నాడు: "మీరే తోశారు మేడమ్. రఫ్‌గా అవగానే. ఎందుకని అడుగుదామనుకున్నా, అప్పుడు అడగలేకపోయా."

ప్రత్యక్ష సాక్షి మాటల్ని మేం ఎప్పుడూ నమ్మం. పొగ చూశానంటాడు, దుమ్ము అయి ఉంటుంది. మంటలన్నాడంటే ఎండ మెరుపు అయి ఉంటుంది. అది నిజమే. కానీ ఆ రోజు అందరికన్నా తప్పుగా చెప్పిన సాక్షిని నేనే.

ఫోన్

ఆ విలేకరిని కలవడానికి నాకు రెండు నెలలు పట్టింది. తిట్టడానికి కాదు, ఫొటో అసలు కాపీ అడగడానికి వెళ్లాను. మాటల్లో మాటగా ఎర్ర పెన్ను సంగతి చెప్పాను. ఆయన ఏమీ నొచ్చుకోలేదు. వార్త ఇవ్వడానికి తనకు నలభై నిమిషాలు ఉందన్నారు. మా ఆఫీసుకు పదకొండుసార్లు ఫోన్ చేశారట. ఎవరూ ఎత్తలేదు. ఎత్తొద్దని మేమే చెప్పుకున్నాం.

"మేడమ్, ఎత్తి ఉంటే ఏం చెప్పేవారు?"

"దర్యాప్తు జరుగుతోంది, ఏమీ చెప్పలేం అనేవాళ్లం."

"మరి నేనేం రాయాలి? నా దగ్గర రైతు ఉన్నాడు, ట్రాకింగ్ సైట్ ఉంది, ఫొటో ఉంది. 'సాంకేతిక లోపం' అని పెట్టకపోతే డెస్క్ ఒప్పుకోదు. కారణం లేని వార్తకి కాళ్లుండవు."

ఈ చివరి మాట నాలో చాలా రోజులు తిరిగింది. కారణం మొదటి గంటలోనే కావాలన్న ఆత్రం వార్తాసంస్థలకు ఎంత ఉందో మాకూ అంతే ఉంది. ప్రమాదం జరిగిన సాయంత్రమే పైలట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇంధనంలో నీళ్లన్నారు, ఇంజిన్‌కి స్పార్క్ ఇచ్చే మాగ్నెటో అన్నారు, ఒకాయనైతే నా పాత ల్యాండింగుల చరిత్ర తీశాడు. మంచు అన్నవాళ్లు ఒక్కరూ లేరు. 2006 అక్టోబర్ 11న న్యూయార్క్‌లో బేస్‌బాల్ ఆటగాడు కోరీ లైడిల్ ఉన్న చిన్న సిర్రస్ విమానం ఎత్తైన భవనాన్ని గుద్దినప్పుడు మొదటి గంట అంతా ఉగ్రవాదమేమో అన్న భయమే. యుద్ధ విమానాలు లేచాయి. నెలల తర్వాత ఎన్‌టీఎస్‌బీ చెప్పింది ఏమిటంటే, నది మీది ఇరుకు దారిలో, పక్కగాలి తోస్తుండగా, ఉన్న వెడల్పంతా వాడుకోకుండా వెనక్కి మలుపు తిప్పారు. ప్లానింగ్ సరిగా లేదు. దానికి ఎన్ని చానెళ్లు గంట కేటాయించాయో ఊహించుకోండి.

వార్త బయట నిలబడి చూసేదే అని కూడా అనలేం. 1996 ఏప్రిల్ 11న అమెరికాలోని షయెన్‌లో ఏడేళ్ల పాప, తండ్రి, ఇన్‌స్ట్రక్టర్ ఉన్న సెస్నా టేకాఫ్ అయిన కాసేపటికే పడిపోయింది. ముగ్గురూ పోయారు. చిన్న వయసులో విమానం నడుపుతూ దేశాన్ని ఈ చివర్నుంచి ఆ చివరికి దాటిన పాపగా రికార్డు కోసం వెళ్తున్నారు, కెమెరాలు వెంట ఉన్నాయి. ముంచుకొస్తున్న ఉరుముల గాలివానలో, ఎక్కువ బరువుతో, పల్చటి గాలి ఉన్న ఎత్తైన చోట టేకాఫ్ చేయాలన్న ఇన్‌స్ట్రక్టర్ నిర్ణయాన్ని ఎన్‌టీఎస్‌బీ తప్పుపట్టింది. ఆ నిర్ణయానికి దోహదపడినవాటిలో మీడియాకిచ్చిన మాటలు కూడా ఉన్నాయని నివేదికలోనే రాసింది. ఆ ఇన్‌స్ట్రక్టర్ గురించి చదివినప్పుడల్లా నాకు కోపం కన్నా జాలి ఎక్కువ.

విలేకరితో ఆ రోజు రెండు గంటలు కూర్చున్నాం. కారణం చెప్పకుండానే ఏమేం చెప్పొచ్చో రాసుకున్నాం. విమానం రకం, ఎంతమంది, ఎలా ఉన్నారు, శిక్షణ ప్రయాణమా కాదా, ఇంజిన్ పవర్ పోయి పొలంలో దింపారన్నది, దర్యాప్తు ఎవరు చేస్తారు, సుమారు ఎన్నాళ్లు పడుతుంది. స్టాల్ అనే మాట వాడకండి, వాడితే మమ్మల్ని అడగండి. ఇప్పుడు మా దగ్గర ఏ చిన్న ఘటన జరిగినా ఒక మనిషి పని ఫోన్ ఎత్తడమే. 'సాంకేతిక లోపం' బదులు 'కారణం ఇంకా తెలియలేదు' అని రాయమని అడుగుతాం. ఒప్పుకునేవాళ్లు తక్కువే.

విమానం నడపడంలో మారింది ఇంతకన్నా చిన్నది: ఆర్బిట్‌లో ప్రతి చుట్టుకూ ఒకసారి కార్బ్ హీట్ లాగి, పదిహేను సెకన్లు ఉంచి, ఆర్‌పీఎం చూస్తాం. ఆ పదిహేను సెకన్లు ప్రశ్నలు వేయను.

రెండో వార్త

నివేదిక వచ్చాక ఒక కాపీ ఆయనకు పంపాను. అందులో కారణం ఇంజిన్ పవర్ కోల్పోవడం, అందుకు అవకాశం ఎక్కువగా ఉన్నది కార్బ్యురేటర్ మంచు. దోహదపడినవి: తక్కువ పవర్‌తో చాలాసేపు ఆర్బిట్, ఆ సమయంలో కార్బ్ హీట్ వాడకపోవడం, వాడాక ముందుగానే తీసేయడం. చివర, 13వ అనుబంధం చెప్పినట్టే, ఈ దర్యాప్తు ఉద్దేశం ఎవరినీ నిందించడం కాదు, మళ్లీ జరగకుండా చూడటం అన్న వాక్యం.

లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చింది. ఆ నాలుగూ సరిగ్గా ఉన్నాయి, ఆయన జాగ్రత్తగా రాశారు. శీర్షిక మాత్రం: 'పైలట్ తప్పిదమే కారణం'.

ఉదయం ఏడింటికే నా విద్యార్థి వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. "అమ్మా, మొదట మిమ్మల్నే మెచ్చుకున్నారు కదా, ఇప్పుడిదేంటి?" అని. రెండూ ఒకే విమానం గురించే అని చెప్పడానికి అరగంట పట్టింది. అంతా విని, "మావాడు అడగాల్సింది కదా మరి" అన్నారు. అవును, అడిగే ధైర్యం అతనికి నేను ఇచ్చి ఉండాల్సింది అన్నాను.

విలేకరి కూడా ఫోన్ చేశారు. "శీర్షిక నాది కాదు మేడమ్, డెస్క్‌ది." తెలుసన్నాను.

ఆ ఫొటో పెద్దది చేయించి క్లాసు గదిలో పెట్టాం. కింద వ్యాఖ్య ఏమీ లేదు. కొత్తగా చేరినవాళ్లు ముందు తలకిందులైన ప్యానెల్‌ని, పగిలిన అద్దాన్ని చూస్తారు, ఎవరైనా పోయారా అని అడుగుతారు. నాబ్ దగ్గరికి రావడానికి వాళ్లకి ఇంకాస్త సమయం పడుతుంది. ఎవరి చెయ్యి దాన్ని తోసిందని అడిగినప్పుడు నా అరచెయ్యి చూపిస్తాను.